పోలరైజర్ ఉండగా కళ్లతో పనేముంది?

జేబులో పట్టే డిజిటల్ కెమెరాకు పోలరైజింగ్ ఫిల్టరు తగిలించి బందరు, గుడివాడ, దివిసీమ చుట్టి రావాలనుకునేవారికి ఈ సలహాలు. తు.చ. తప్పకుండా పాటిస్తే చేతిలో డబ్బూ ఫొటోలో వెలుతురూ రెండూ తగ్గుతాయి. మిగతాదేమీ మారదు.

ముందు ఫిల్టరు కొనెయ్యండి. అది మీ కెమెరాకు పడుతుందా లేదా అన్నది తర్వాతి సంగతి. చిన్న కెమెరాల్లో చాలావాటికి లెన్సు ముందు మరలే ఉండవు. కెనాన్ పాత పవర్‌షాట్ ఎ సిరీస్‌లో కొన్నింటికి లెన్సు చుట్టూ ఉన్న రింగు ఊడదీసి గొట్టంలాంటి అడాప్టరు బిగించుకోవచ్చు, దాని చివర ఫిల్టరు కూర్చుంటుంది. మీ మోడలుకు అలాంటిది ఉందేమో కనుక్కుంటే పని తేలికైపోతుంది కాబట్టి కనుక్కోకండి. కెమెరా ఆపి ఉన్నప్పుడే ఫిల్టరును ఫెవిక్విక్‌తో అంటించెయ్యండి. బటన్ నొక్కగానే లెన్సు బయటికి రాబోయి, రాలేక, కీచుమని, తెర మీద లెన్స్ ఎర్రర్ అని పడుతుంది. రిపేరు షాపులో విషయం చెప్పొద్దు, దానంతటదే పోయిందనండి.

ఖరీదైన సర్క్యులర్ రకమే తీసుకోండి. అది పుట్టింది లోపల అద్దం ఉండే ఎస్సెల్లార్ కెమెరాల కోసం. వాటిలో వెలుతురును పంచే సగం అద్దం పాతకాలపు లీనియర్ ఫిల్టరుతో తికమక పడుతుంది. మీ చిన్న కెమెరాలో అద్దమే లేదు, చవక లీనియర్ ఫిల్టరు చాలు. అయినా చవకది మెడలో వేసుకు తిరిగితే నలుగురిలో ఏం బావుంటుంది?

డబ్బు దండగనుకునేవారు కార్తీక పౌర్ణమికి మంగినపూడిలో సముద్ర స్నానాలకు వెళ్లినప్పుడు ఏ చలవ కళ్లద్దాలైనా కొనుక్కుని లెన్సుకు అడ్డం పెట్టవచ్చు. నల్లగా ఉన్నదల్లా పోలరాయిడే. అసలు పోలరాయిడ్ అద్దాలైతే రెండు జతలు ఒకదాని మీద ఒకటి పెట్టి, ఒకదాన్ని పావు చుట్టు తిప్పగానే చీకటైపోతుంది. ఈ పరీక్ష కొట్టు దగ్గర చెయ్యకండి, పాపం కొట్టతను నొచ్చుకుంటాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఫిల్టరు ముందు రింగు గిర్రున తిరుగుతుంటుంది. దాన్ని తయారీలోపంగా భావించి టేపు వేసెయ్యండి. నీళ్ల మీదా గాజు మీదా ఆకుల మీదా ఏటవాలుగా పడి తిరిగొచ్చే వెలుతురు చాలావరకు ఒకే దిశలో ఊగుతుందనీ, ఆ ఊపుకు ఫిల్టరు అడ్డం తిరిగేదాకా తిప్పాలనీ, తెరలో చూస్తూ తిప్పితే పావు చుట్టులోనే తళుకు పోవడం కళ్లకు కడుతుందనీ కొందరు చెబుతారు. తెర వైపు చూడకండి. పైమూల ఉండే చిన్న కిటికీలోంచి చూడండి. అది లెన్సులోంచి చూడదు కాబట్టి ఫిల్టరు ఏం చేసినా మీకు తెలియదు, మనసు ప్రశాంతంగా ఉంటుంది. కెమెరాను నిలువుగా తిప్పితే ఫిల్టరూ దాంతోపాటే తిరిగిపోయి పనిచేయడం మానేస్తుంది. మళ్లీ సరిచెయ్యకండి, ఒకసారి పెట్టింది పెట్టిందే.

మంగినపూడి తీరం తూర్పుకు చూస్తుంది. తెల్లారగట్లే వెళ్లి సూర్యుడికి ఎదురుగా నిలబడి ఆకాశాన్ని ముదురు నీలం చేయమని ఫిల్టరును అడగండి. చెయ్యదు. సూర్యుడికి సరిగ్గా లంబంగా ఉన్న ఆకాశపు పట్టీ మీదే దాని ప్రతాపమంతా. చూపుడువేలు సూర్యుడికి గురిపెట్టి, బొటనవేలు నిటారుగా చాచి మణికట్టు తిప్పితే బొటనవేలు చూపే దారంతా ఆ పట్టీయే. అంటే పొద్దుటిపూట ఒడ్డు పొడవునా ఉత్తరానికో దక్షిణానికో తిరగాలి. మెడనొప్పి కొనితెచ్చుకోవడం తప్ప మరేం లేదు. ఇంకా ముచ్చట కావాలంటే జూమ్ పూర్తిగా వెనక్కి లాగి వీలైనంత ఆకాశం పట్టించండి. మధ్యలో ముదురుగా, అటూ ఇటూ వెలిసిపోయి, చీరకు జరీ అంచు తప్పుచోట నేసినట్టు వస్తుంది.

చేపల చెరువుల దగ్గరికి వద్దాం. గుడివాడ నుంచి కైకలూరు వైపు వెళ్తే రోడ్డుకు రెండు పక్కలా అవే. నీటి మట్టానికి సుమారు 37 డిగ్రీల వాలుగా చూసినప్పుడు తళుకు పూర్తిగా ఫిల్టరు చేతికి చిక్కుతుంది. 1815లో డేవిడ్ బ్రూస్టర్ అనే స్కాట్లండు ఆయన ఈ కోణం లెక్క తేల్చి పెట్టాడు. గట్టు మీద నిలబడ్డ మీ కన్ను నీటికి అయిదడుగుల ఎత్తున ఉంటే, ఆరేడు అడుగుల అవతల నీళ్లన్నమాట. మీరు మాత్రం అవతలి గట్టుకు గురిపెట్టండి. లేదా పులిగడ్డ వంతెన మీంచి తిన్నగా కిందికి తియ్యండి. అలా నిలువుగా తిరిగొచ్చే తళుకును ఏ ఫిల్టరూ ఆపలేదు. గట్టు మీద అద్దం గిరగిర తిప్పుతుంటే చెరువు రైతు వచ్చి, "ఏవండీ, ఫిషరీసు నుంచా? కొలతలకొచ్చారా?" అంటాడు. "కాదండీ, పోలరైజేషను" అనండి. అప్పటిదాకా తెప్పించబోయిన టీ ఆగిపోతుంది.

ఒకవేళ పొరపాటున కోణం కుదిరి తళుకు పోయిందనుకోండి. విదేశీ ప్రకటనల్లో అయితే అడుగున పగడాలూ రంగు చేపలూ కనపడతాయి. మన చెరువులో కనపడేది గోధుమరంగు బురదనీరు. ఆగస్టులో అవనిగడ్డ దాటాక ఊడ్పుల మళ్లు చూడండి. మడిలో ఆకాశం, కొబ్బరిచెట్ల తలలు, వంగి నాటుతున్న ఆడవాళ్ల చీరల రంగులు, అన్నీ తలకిందులుగా ఉంటాయి. ఆ నీడల్లో సగం ఫొటో ఉంది. వాటిని ఫిల్టరుతో శుభ్రంగా తుడిచెయ్యండి. బురదా, చెదిరిపడ్డ నారుకట్టలూ మిగులుతాయి, అవి మీవే. ఇక నెల తిరిగి వరి దుబ్బుకట్టి ఆకుల మీద తెల్లటి నిగారింపు వచ్చినప్పుడు ఇదే ఫిల్టరు దాన్ని తీసేసి పచ్చదనాన్ని చిక్కబరుస్తుంది. దాని వల్ల నిజంగా మేలు జరిగేది అక్కడే. ఆ నెలలో ఇంట్లో మరిచిపోయి వెళ్లండి.

వాన వెలిశాక కోడూరు పొలాల మీద ఇంద్రధనుస్సు పడితే ఫిల్టరు తిప్పి మాయం చెయ్యవచ్చు. దాని వెలుతురు కూడా ఒకే దిశలో ఊగే బాపతే.

చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ గాజుల మెరుపు తగ్గించడానికి రోజంతా కష్టపడండి. లోహం తళుకు ఈ ఫిల్టరుకు లొంగదు. షోకేసు గాజు మీది తళుకు లొంగుతుంది, అదీ పక్కనుంచి ఏటవాలుగా నిలబడితే. 1808లో పారిస్‌లో మాల్యూస్ అనే ఆయన లగ్జంబర్గ్ ప్యాలెస్ కిటికీ అద్దాల మీంచి వస్తున్న సాయంకాలపు ఎండను స్ఫటికంలోంచి చూసే ఈ గుట్టు పట్టుకున్నాడు. మీరు షోకేసుకు ముఖాముఖి నిలబడండి. గాజులతోపాటు మీ పొట్ట కూడా పడుతుంది.

రాత్రిపూట కూచిపూడిలో ప్రదర్శన చూసేటప్పుడు ఫిల్టరు అస్సలు తియ్యొద్దు. అది దాదాపు రెండు స్టాపుల వెలుతురు మింగుతుంది, అంటే నాలుగో వంతు మిగులుతుంది. సెకనులో 60వ వంతులో రావలసిన ఫొటోకు 15వ వంతు పడుతుంది. తరంగంలో పళ్లెం మీద నిలబడ్డ నర్తకికి నాలుగు చేతులు వస్తాయి. దేవతనుకుని దణ్ణం పెట్టుకోండి.

చివరగా, శుభ్రం. సముద్రపు గాలికి ఫిల్టరు మీద ఉప్పు పొర పేరుకుంటే ఇసుకంటిన తువ్వాలుతో గట్టిగా రుద్దండి. గీతలు పడ్డాక తళుకు బెడద ఉండదు. అంతకంటే మేలైన పద్ధతి, బందరు లడ్డూ తిన్న చేత్తోనే పట్టుకోవడం. నెయ్యి వేలిముద్ర ఒక్కటి చాలు, ఎదురెండలో ఫొటోలన్నీ మసకమసగ్గా వస్తాయి. మే నెల మధ్యాహ్నం తీసినా కింద "బందరులో పొగమంచు" అని రాసుకోవచ్చు.