పన్నెండో నెంబరు సీసా

నా ఒంటి మీద ఇప్పటికి మూడు చీటీలు అతికించారు, రెండు పీకేశారు. మిగిలిన దాని మీద నల్ల మార్కరుతో ‘వి-12’ అని ఉంటుంది. ‘వి’ అంటే విడపనకల్లు. 12 అంటే ఏ ఇల్లో మా డాక్టరమ్మ బీరువాలోని నోటుపుస్తకానికి తెలుసు, నాకు తెలుసు. ఊరి పేరు చెప్పొచ్చు గానీ ఇంటి పేరు చెప్పకూడదు. మా వృత్తిలో అదొక్కటే ధర్మం.

నేను అర లీటరు పట్టే ప్లాస్టిక్ సీసాను. ప్రయోగశాలలో గాజు సీసాలు నన్ను చూసి మూతి తిప్పుకుంటాయి గానీ ఫ్లోరైడ్ పరీక్ష దగ్గర వాటి పప్పులుడకవు. ఫ్లోరైడుకూ గాజుకూ పడదు, లెక్క తప్పుతుంది. అందుకని ఆ నీళ్ళు పట్టాలంటే నాబోటి వాళ్ళే కావాలి. ప్లాస్టిక్కుకు మర్యాద దక్కే చోట్లు లోకంలో తక్కువ కాబట్టి ఈ ముక్క కాస్త గట్టిగానే చెప్పుకుంటాను.

డాక్టరమ్మది కమ్యూనిటీ మెడిసిన్. పీజీ అయి మూడేళ్ళు, అసిస్టెంట్ ప్రొఫెసరు. నేను ఆమె బల్ల మీదికి చేరేటప్పటికే పరిశోధన గ్రాంటు కోసం రాసిన మొదటి ప్రపోజల్ తిరస్కారమై పడి ఉంది. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా దాని మీద నన్ను పెట్టింది. నా అడుగు తడికి కొన్ని అక్షరాలు అలుక్కుపోయినా, నెలరోజులు దాని మీదే కూర్చున్నాను కదా, మొత్తం చదివేశాను.

పేరే రెండు వరుసలు: అనంతపురం జిల్లా ప్రజల ఆరోగ్యంపై ఫ్లోరైడు సమగ్ర ప్రభావం. పళ్ళు, ఎముకలు, థైరాయిడు, మూత్రపిండాలు, పిల్లల తెలివితేటలు, అన్నీ మూడేళ్ళలో తేల్చేస్తానంది. ఎంతమందిని చూస్తావమ్మా అంటే నూరు మందిని. నూరే ఎందుకు? గుండ్రంగా ఉంది కాబట్టి! పరిశీలకులు రాసింది మూడే ముక్కలు: ప్రశ్న ఏమిటో తెలియడం లేదు, నూటికి లెక్క లేదు, ముందస్తు సమాచారం లేదు. ఆమె రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

ఆ ప్రపోజల్లో చరిత్రే ఐదు పేజీలు. చదవడానికి బాగుంది, అబద్ధమెందుకు? 1911లో పుట్టిన ఇండియన్ రీసెర్చ్ ఫండ్ అసోసియేషనే 1949లో భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్ అయింది. ఆ సంస్థ పత్రికలోనే 1937లో షార్ట్, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలోని ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడు ఎక్కువై వచ్చే జబ్బు గురించి రాశారు. ఆ రోగుల ఊళ్ళు మన నెల్లూరు వైపువే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 1918లో కూనూరులో ఒక్క గదిలో, బెరిబెరి మీద ఒక్క విచారణగా మొదలైంది. హైదరాబాదుకు 1958లో వచ్చింది. ఇదంతా నిజమే. కానీ ఫ్లోరోసిస్ ఉందని పరిశీలకుడికి ముందే తెలుసు. ఇంకా తెలియనిది ఏమిటో ఆ ఐదు పేజీల్లో ఎక్కడా లేదు.

ఆ చరిత్రలో ఆమె పట్టించుకోని వాక్యం ఒకటుంది. 1973లో అదే పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో నల్గొండ సంగతి రాశారు. అక్కడ కుర్రవాళ్ళకు మోకాళ్ళు లోపలికి వంగిపోతున్నాయి. మునుపు చెప్పిన ఫ్లోరోసిస్‌లో ఆ వంకర కనపడలేదు. జొన్న ప్రధానంగా తినేవాళ్ళలో అది ఎక్కువని తేలింది. ఫ్లోరైడ్ పాతదే, అడిగింది తిండి గురించి. ఆ వాక్యం కింద ఆమె పెన్సిలుతో గీత గీసింది, నేను వచ్చిన చాలాకాలానికి.

ఆ గీతకు కారణం విడపనకల్లులో దొరికింది.

ఐసీఎంఆర్ 1979 నుంచి ఎంబీబీఎస్ పిల్లలకు రెండు నెలల చిన్న పరిశోధనకు స్టైపెండ్ ఇస్తోంది, ఎస్‌టీఎస్ అంటారు. రెండో సంవత్సరం కుర్రాడొకడు మేడమ్ గైడుగా ఉంటారా అని వచ్చాడు. పెద్ద గ్రాంటు రాలేదు కదా, ఇరవై సీసాలతోనైనా మొదలుపెడదాం అంది. అట్లా నేను ఇరవైలో పన్నెండోదాన్నై సంచిలో బయలుదేరాను.

బళ్ళారి నుంచి గుంతకల్లు వెళ్ళే హైవే మీద లారీల దుమ్ము. అటూ ఇటూ నల్లరేగడి, కోసేసిన పప్పుశనగ చేలు. బోరు దగ్గర కుర్రాడు కాసేపు నీళ్ళు వదిలేసి, ఆ నీళ్ళతోనే నన్ను మూడుసార్లు కడిగి నింపబోయాడు. ఇంతలో ఇంటి అవ్వ వచ్చింది.

“యానికి నాయనా ఈ నీళ్ళు? మేం తాగేది క్యాను నీళ్ళే గదా. ఇవి తాగడం మానేసి శానా దినాలాయ.”

కుర్రాడు మూత పెట్టేయబోయాడు. తాగని నీళ్ళు ఎందుకని. డాక్టరమ్మ అడిగింది: “మరి ఈ బోరు నీళ్ళు దేనికవ్వా?”

“దేనికేంది? గిన్నెలకి, గుడ్డలకి, సంగటికి, పప్పుకి. ఇరవై రూపాయలు పెట్టి కొన్న నీళ్ళు ఎసట్లో పోసుకుంటామా?”

కాచితే ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై పోతుంది, ఫ్లోరైడు గిన్నెలోనే ఉంటుంది. తాగే నీళ్ళు మారాయని అందరూ లెక్క రాసుకుంటుంటే పొయ్యి మీది నీళ్ళు మారలేదు. డాక్టరమ్మ అవ్వ మాటను అట్లాగే, ఆ యాసతోనే నోటుపుస్తకంలో రాసుకుంది. తిరుగు ప్రయాణంలో బస్సు కుదుపులకు నేను ఆమె ఒళ్ళోనే ఉన్నాను. ఆ పుస్తకం మూడుసార్లు తెరిచి చూసుకుంది.

నాలోని నీళ్ళలో ఎంతుందో అడక్కండి. ఆ అంకె ఆమె వ్యాసంలో రావాలి. దేశం ఒప్పుకున్న హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేకపోతే 1.5.

కొత్త ప్రపోజల్లో జిల్లా పోయి మండలం వచ్చింది. ఐదింటిలో నాలుగు పోయి పళ్ళు మిగిలాయి. శాశ్వత దంతాల పింగాణీ దాదాపు ఎనిమిదేళ్ళ లోపే తయారైపోతుంది. అందుకే 10–12 ఏళ్ళ పిల్లల పన్ను వాళ్ళు పసితనంలో తాగిన నీళ్ళ చిట్టా. అదే పిల్లల మూత్రంలో ఫ్లోరైడు ఈ రోజుల లెక్క చెబుతుంది. క్యాను నీళ్ళు తాగే ఇంట్లో కూడా ఈ లెక్క తగ్గకపోతే ఎసరును అనుమానించాలి. ప్రశ్న ఒక్క వాక్యంలో ఇమిడింది. వాక్యం కుదిరిన రాత్రి ఆమె నా మూత తీసి మళ్ళీ పెట్టింది, ఊరికే.

నూటికి బదులు ఈసారి లెక్క చేసింది. సగం మందికి పళ్ళ ఫ్లోరోసిస్ ఉందనుకుని, ఐదు శాతం అటూ ఇటూ తేడా ఒప్పుకుంటే 400 మంది. పిల్లల్ని విడివిడిగా కాక బడులవారీగా తీసుకుంటున్నాం కాబట్టి దానికి రెట్టింపు, 800. ఆ రోజు బడికి రానివాళ్ళ కోసం పదో వంతు కలిపితే 880. ఐదు నిమిషాల పని. మొదటిసారే చేసి ఉంటే ఆరు నెలలు కలిసొచ్చేవి.

బడ్జెట్టు దగ్గర మాత్రం ఆమె తెగ నలిగింది. మొదటి ప్రపోజల్లో సొంతంగా అయాన్ మీటరు, కంప్యూటరు, జీపు అడిగింది. ఈసారి మీటరు పక్క డిపార్టుమెంటులో ఉందని, వాడుకోవచ్చని వాళ్ళ చేత ఉత్తరం రాయించి జత చేసింది. జీపు స్థానంలో బస్సు చార్జీలు, ఫీల్డులో తిరిగే ఇద్దరి జీతాలు. ఎథిక్స్ కమిటీకి తెలుగులోనూ కన్నడంలోనూ సమ్మతి పత్రాలు. ఏడు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు నోటిమాటగా ఒప్పుదల అడగాలని 2017 ఐసీఎంఆర్ మార్గదర్శకాల్లో ఉంది. తల్లిదండ్రుల సంతకం ఉన్నా సరే, పిల్లవాడు తల అడ్డంగా ఊపితే ఆపేయాలి.

ఎవరికి పంపాలన్నది ఇంకో తలనొప్పి. హైదరాబాదు కేంద్రంగా 2008లో మొదలైన ఇండియా అలయన్స్ ఇచ్చేది ముఖ్యంగా ఫెలోషిప్పు. పథకంతో పాటు రాసిన మనిషిని, ఆ మనిషి ఐదేళ్ళకు ఏమవుతాడన్నదాన్నీ చూస్తుంది. ప్రాజెక్టు గ్రాంటయితే ప్రశ్ననూ పనినీ చూస్తుంది. ఒకదానికి రాసింది పేరు మార్చి రెండోదానికి పంపేవాళ్ళు చాలామంది. ఈమె కూడా ఒకసారి ఆ పని చేసింది. ఆ రెండో తిరస్కారం కథ ఇంతకుమించి లేదు, పైగా అందులో ఒక సంతకం కూడా తక్కువైందట.

మూడోది పంపే ముందు సారాంశం పేజీని వాళ్ళాయనకిచ్చింది. ఆయన బ్యాంకులో లోన్లు చూస్తాడు. వైద్యం ముక్క రాదు. చదివి అడిగాడు: “వంట నీళ్ళ వల్ల తేడా లేదని తేలితే?”

ఆమెకు కోపమొచ్చింది. తర్వాత సగం రాత్రి కూర్చుని ఆ జవాబే ఒక పేరాగా రాసింది. తేడా ఉంటే క్యాను నీళ్ళు ఇచ్చామని చేతులు దులుపుకోవడానికి లేదు. లేకపోతే వంట నీటి మీద డబ్బు తగలేయకుండా ఇంకోచోట వెతకొచ్చు. పరిశీలకుల్లో ఒకరు మెచ్చుకున్నది ఆ పేరానే అని తర్వాత తెలిసింది. లోను ఆఫీసరు ఇంట్లో చాలా రోజులు పెద్ద సైంటిస్టులా తిరిగాడు.

మంజూరైంది. అడిగినదాంట్లో కోత పడింది, కంటింజెన్సీ సగమైంది. ఉత్తరం వచ్చాక డబ్బు ఖాతాలో పడడానికి మళ్ళీ కొన్ని నెలలు.

మొన్న విడపనకల్లు వెళ్ళాం. ఖాళీగానే, కొత్త చీటీతో. అవ్వ నన్ను గుర్తుపట్టింది, డాక్టరమ్మను కాదు.

“ఆ పొద్దు తీసకపోయినావే నీళ్ళు, ఏం తేల్చినావమ్మా?”

“ఇంకా తేలలేదవ్వా. ఇప్పుడే డబ్బులొచ్చాయి, ఇక మొదలుపెట్టాలి.”

“అప్పటినించీ ఏం జేస్తాంటివి మరి?”

“రాస్తాంటి.” ఆమెకు ఆ యాస అప్పుడే పట్టుబడింది.

అవ్వ నన్ను అందుకుని కొళాయి కింద పెట్టింది. ఒకసారి కడిగి పారబోసింది, రెండోసారి, మూడోసారి. ఎవరూ చెప్పకుండానే.