ఫార్వర్డ్ సూక్తం: టీకా తాత్పర్య సహితం

మూలం: ఎగ్జామిన్డ్ అండ్ ఫార్వర్డెడ్ ఫర్ నెసెసరీ యాక్షన్, ప్లీజ్.

అవతారిక: మా పిన్ని కేంద్ర ప్రభుత్వ కుటుంబ పింఛనుదారు. బకాయిల లెక్క తేల్చమని ఆవిడ పెట్టుకున్న అర్జీ కార్యాలయాలన్నీ తిరిగి, వెళ్ళిన ప్రతిచోటా ఈ సూక్తాన్నే ప్రసాదంగా పుచ్చుకుంది. పూర్వవ్యాఖ్యలు లేనందున మన మెదకుసీమవాడైన కోలాచలం మల్లినాథసూరిని తలచుకుని సాహసిస్తున్నాను. మూలంలో లేనిది రాయనని ఆయన ప్రతిజ్ఞ. ఫైల్లో లేనిది చూడబోమని కార్యాలయాల ప్రతిజ్ఞ.

ప్రతిపదార్థం: ప్లీజ్ = పాదపూరణం. 'యాక్షన్'కు అర్థం రాయను, ఈ ఫైల్లో దానికి ప్రయోగం దొరకలేదు. తక్కినవి తేలిక.

వ్యాకరణ విశేషం: వాక్యంలో కర్త లేడు. రాజ్యాంగం 77వ అధికరణం ప్రకారం కేంద్రప్రభుత్వ కార్యనిర్వాహక చర్యలన్నీ రాష్ట్రపతి పేరిటే జరగాలి కనుక, అధ్యాహారం చేసుకుంటే కర్త రాష్ట్రపతి. సంతకం అండర్ సెక్రటరీది, ముసాయిదా సెక్షన్‌లో గుమస్తాది. కర్మ మాత్రం అర్జీదారుది.

సిరా విషయంలో ఇంత సందిగ్ధత లేదు. ఆకుపచ్చ, ఎరుపు సిరాలు జాయింట్ సెక్రటరీ, ఆ పైవారికే చెల్లుతాయనీ, అదీ అరుదుగా వాడాలనీ కేంద్ర సచివాలయ కార్యవిధాన సంపుటి శాసించింది. తక్కినవారికి నీలం, నలుపు. ఇందులో రసికులు గమనించవలసిన చమత్కారం ఉంది. నోట్‌షీటు లేతాకుపచ్చ, పెద్దల సిరా ఆకుపచ్చ. పోలిక వల్ల రెంటికీ భేదం తోచకపోతే మీలితాలంకారం. కింద తేదీ ముద్ర పడి, ఇక్కడెవరో ఏదో రాశారని తెలిస్తే ఉన్మీలితం. అప్పయ్య దీక్షితులు కువలయానందంలో ఈ రెంటినీ దగ్గరదగ్గరగానే నిలిపాడు గాని, ఇంత చక్కటి లక్ష్యం ఆయనకు దొరకలేదు. ఈ-ఆఫీసు వచ్చి కాగితం పోయినా వర్ణవ్యవస్థ పోలేదు. దిద్దుకోదగిన చిత్తు ఎల్లో నోట్, దిద్దరానిది గ్రీన్ నోట్. ఇక ప్రకృతం.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో 'ప్లీజ్ స్పీక్' అని ఉంది. ఇది ధ్వనిమార్గం. పై అధికారి రాసేది ఇంతే. తర్వాత గదిలో మాట్లాడుకున్నది ఫైలుకెక్కదు, మర్నాటి నోట్‌లో 'యాజ్ డిస్కస్డ్' అని మాత్రం వెలుస్తుంది. 2005 సమాచార హక్కు చట్టం కింద అడిగి, 30 రోజులు ఆగి నకలు తెచ్చుకున్నవాడికి దక్కేవి ఈ రెండు ముక్కలే. అసలర్థం సహృదయైకవేద్యం, అనగా ఆ గదిలో ఉన్నవారికే తెలుసు.

ఆక్షేపం: 1949 అక్టోబరులో సర్దార్ పటేల్ రాజ్యాంగ సభలో అఖిల భారత సర్వీసుల కోసం పట్టుబట్టింది, అధికారి తన మనసులో మాట నిర్భయంగా చెప్పగలగాలని. విచారణ లేకుండా ఉద్యోగం ఊడకుండా 311వ అధికరణం సివిల్ ఉద్యోగులకు అండగా నిలిచింది. అభిప్రాయం చెప్పడానికి ఇచ్చిన కవచాన్ని ఏ అభిప్రాయమూ చెప్పకుండా ఉండటానికి తొడుక్కుంటే ఎలా? మంత్రిని ఎదిరించి రాయమని ఇక్కడెవరూ అడగలేదు. ఈ ముసలావిడకు ఇంత రావాలి, లేదా రాదు, కారణం ఇదీ అని రాసి కింద పేరు పెట్టడానికి ఎంతపాటి ధైర్యం కావాలి?

తాత్పర్యం: ఈ కాగితం ఇప్పుడు నా బల్లమీద లేదు.

ఫలశ్రుతి: పింఛనుదారు ఏటా నవంబరులో తాను బతికే ఉన్నట్టు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్రతోనూ ఇవ్వొచ్చు. పిన్ని అరిగిపోయిన వేళ్ళను యంత్రం మీద ఒకదాని తర్వాత ఒకటి నొక్కుతూ ఆ రుజువు ఇస్తూనే ఉంది. ఫైలు చేత కూడా ఏటా నవంబరులో ఇప్పించండి: బతికే ఉందా, ఉంటే ఎవరి దగ్గర, వారి పేరేమిటి, హోదా ఏమిటి. అందులో మాత్రం కర్త ఉండాలి.