టాక్ రాకముందే టికెట్

సినిమా బాగుందో లేదో ఎవరికీ తెలియని వేళలో దానికి అత్యధిక ధర పలికించే ఏర్పాటే అర్ధరాత్రి ఆట. బండి మీద పుచ్చకాయకైనా చిన్న గాటు పెట్టి ఎరుపు చూపిస్తారు; ఇక్కడ ఆ మర్యాద లేదు.

ఈ ఏర్పాటుకు సీక్వెల్ మరీ అనువైన సరుకు. మొదటి భాగం చివర విలన్‌ను బతికుంచి, పగను సగంలో ఆపి, జనాన్ని ఇంటికి పంపిస్తారు. ‘పుష్ప: ది రైజ్’ 2021 డిసెంబర్ 17న వచ్చింది. అప్పట్లో ఆంధ్రప్రదేశ్‌లో టికెట్ ధరలను ప్రభుత్వమే కట్టడి చేసింది, అదనపు ఆటలకు అనుమతి లేదు. 2024 డిసెంబర్‌లో ‘పుష్ప 2: ది రూల్’ వచ్చేసరికి అదే రాష్ట్రంలో ప్రీమియర్ టికెట్ 800 రూపాయలు, పైన జీఎస్టీ. తెలంగాణలోనైతే మామూలు ధర మీద మరో 800. మధ్యలో రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాలు మారాయి. క్యూలో నిలబడేవాడు మారలేదు. అంత పెట్టి, మూడు గంటల ఇరవై నిమిషాలు కూర్చున్నవాడికి చివర్లో దక్కింది మూడో భాగం పేరు.

ధర పెంచడానికి చెప్పే కారణం బడ్జెట్. హీరో పారితోషికం ఖరారు చేసేటప్పుడు ప్రేక్షకుణ్ణి ఎవరూ సంప్రదించరు. ఖర్చు పంచుకునే దగ్గర మాత్రం అతను కుటుంబసభ్యుడు.

హాల్లో జరిగేదాన్ని సినిమా చూడటం అనడం కొంచెం అతిశయోక్తే. హీరో ఎంట్రీకి కాగితం ముక్కలు తెరను కప్పేస్తాయి, ఈలల్లో డైలాగు కొట్టుకుపోతుంది, టైటిల్ కార్డు ఎదుటివాడి ఫోన్‌లో కనిపిస్తుంది. ఆట వదిలాక గేటు దగ్గర యూట్యూబ్ మైకులు సిద్ధంగా ఉంటాయి. వెయ్యి వదిలించుకుని, నిద్ర పాడుచేసుకుని వచ్చినవాడు బొమ్మ తేలిపోయిందని చెప్పుకుంటే పరువు పోయేది అతనిదే. అందుకే బ్లాక్‌బస్టర్ అంటాడు. అసలు కిటుకు ఇక్కడుంది: టికెట్ రేటు ఎంత ఎక్కువైతే టాక్ అంత బాగుంటుంది. నిర్మాతకు ఇంతకంటే చవకైన ప్రచారం లేదు, దాని ఖర్చు కూడా అభిమానిదే.

ఈ తంతులో నవ్వుకు చోటులేని భాగమూ ఉంది. 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య థియేటర్ దగ్గర ‘పుష్ప 2’ ప్రీమియర్‌కు హీరో వచ్చినప్పుడు తొక్కిసలాట జరిగింది. ఒక మహిళ చనిపోయింది, ఆమె కొడుకు ప్రాణాపాయ స్థితిలో ఆసుపత్రి పాలయ్యాడు. తాను పదవిలో ఉన్నంతకాలం బెనిఫిట్ షోలూ ధరల పెంపూ ఉండవని డిసెంబర్ 21న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శాసనసభలో ప్రకటించారు.

తొమ్మిది నెలలు తిరిగాయి. 2025 సెప్టెంబర్ 24 రాత్రి 9 గంటల ‘ఓజీ’ ప్రీమియర్‌కు తెలంగాణ ప్రభుత్వం అనుమతించిన టికెట్ ధర 800 రూపాయలు.