పాడు డిస్కు పద్యానికి టీకాతాత్పర్యాలు

పాడు డిస్కు తీసి పక్కన పెట్టగ
మీట నొక్కి చూడ మేలుకొనదు
నల్లతెరను తోచె నాలుగక్షరములు
బూటు డిస్కు లేదు పోయి వెదుకు

అవతారిక: నారాయణగూడ నుంచి చిక్కడపల్లి వైపు నడిచేవారికి అడుగడుగునా ఒక జిరాక్స్ కొట్టు, దాని లోపలి మూలన ఒక డి.టి.పి. కంప్యూటరు కనబడతాయి. వాటిలో ఒకటి లేవనని మొండికేసిన ఉదయాన ఈ ఆటవెలది పుట్టింది. కవి ఎవరో తెలియదు. కొట్టు యజమానే అని కొందరంటారు. హాల్ టికెట్ ప్రింటు కోసం నిలబడి నిలబడి విసిగిన అశోక్‌నగర్ గ్రూప్స్ అభ్యర్థి అని మరికొందరు. యతులు ఎక్కడా తప్పలేదు కనుక రెండోవాడే అయివుంటాడు. యజమానికి అంత తీరిక ఏది?

మెదక్ సీమలోని కొలిచెలమ వాడైన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ చేసి మరీ కాళిదాసుకు వ్యాఖ్యానాలు రాశాడు. ఈ టీకాకారుడికి ఆ సౌకర్యం లేదు. మూలం కాస్తా పీకేసిన డిస్కులో ఉండిపోయింది.

ప్రతిపదార్థం: పాడు డిస్కు = లోపల టకటకలాడుతూ, ఒక ఫైలు తెరిచేలోపు చాయ్ తాగి రావచ్చుననిపిస్తూ, ఆన్ చేసిన ప్రతిసారీ ‘స్మార్ట్ స్టేటస్ బ్యాడ్’ అని తన చావుకబురు తానే చెప్పుకొంటున్న పాత హార్డ్ డిస్కును; తీసి = సాటా వైరు, కరెంటు వైరు ఊడబెరికి; పక్కన పెట్టగ = పెళ్లిపత్రికల నమూనాల కట్ట మీద పడేయగా; మీట నొక్కి చూడ = పవర్ బటన్ నొక్కి ఆశగా చూస్తే; మేలుకొనదు = ఫ్యాను తిరిగినా, లైటు వెలిగినా, విండోస్ రాదు; నల్లతెరను = మానిటరు మీద; నాలుగక్షరములు = ఇంగ్లిషులో ఒకటి రెండు పంక్తులు; తోచె = కనబడెను; బూటు డిస్కు లేదు = యంత్రాన్ని లేపగల డిస్కు ఏదీ చిక్కలేదు; పోయి వెదుకు = నీ తిప్పలు నువ్వు పడు.

వీధి మొత్తం ‘అన్నా’ అని పిలిచే మనిషిని పట్టుకొని ‘వెదుకు’ అంటూ ఏకవచనంలో మాట్లాడగలిగింది ఆ పెట్టె ఒక్కటే. బూటు అంటే పాదరక్ష అని చెప్పి, గుడిముందు పోయిందని అన్వయించిన వ్యాఖ్యాత కూడా ఉన్నాడు. అతని జోలికి పోవద్దు.

పాఠాంతరాలు: కొన్ని ప్రతులలో ‘రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్’ అనీ, కొన్నింట ‘ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్’ అనీ ఉంది. భావం ఒకటే. ‘బూట్ ఎంజీఆర్ ఈజ్ మిస్సింగ్’ అనే పాఠం మాత్రం వేరు. అక్కడ డిస్కు దొరికింది, లేపే ఫైలే దొరకలేదు. రెంటినీ ఒకే గాట కట్టరాదు.

పూర్వపక్షాలు: బ్యాటరీవాదుల మతంలో దోషమంతా మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బిళ్లది. అది అయిపోతే గడియారం వెనక్కి పోతుంది, బయోస్ సెట్టింగులు చెదురుతాయి, నిజమే. కానీ ఇక్కడ గడియారం సరిగ్గానే ఉంది. కేబుల్‌వాదుల మతంలో పాత డిస్కు వైరు పీకేటప్పుడు, పక్కనే ఉన్న విండోస్ ఎస్ఎస్‌డీ వైరు వదులైంది. ఇది ఆదరణీయమైన మతం. ముందు వైరు నొక్కి చూడాలి, బయోస్‌లోకి వెళ్లి మిగిలిన ఎస్ఎస్‌డీ పేరు కనబడుతోందా, బూట్ వరుసలో మొదట ఉందా చూడాలి. చూశారు. ఉంది. అయినా లేవలేదు.

ఇక ఫార్మాట్‌వాదులు. వీరు సంఖ్యలో అధికులు. ఏ రోగానికైనా ‘కొట్టేసి కొత్తగా విండోస్ ఎక్కిద్దాం’ అంటారు. డి.టి.పి. కొట్టులో ఈ మాట అనరానిది. పేజ్‌మేకరు, అను ఫాంట్లు, ఏళ్ల తరబడి చేతికి అలవాటైన కీబోర్డు అమరిక అన్నీ మళ్లీ ఎక్కించుకోవాలి. అను ఫాంట్లు యూనికోడ్ కావు. అవి లేని సిస్టంలో ఫైలు తెరిస్తే శుభలేఖ కాస్తా పిచ్చిగీతలవుతుంది. త్యాగరాయ గానసభలో సాయంత్రం ఆవిష్కరణ ఉన్న పుస్తకానికి ఆ గతి పట్టిస్తే కవి ఊరుకుంటాడా?

సిద్ధాంతం: బయోస్‌కు విండోస్ అంటే ఏమిటో తెలియదు. పాత పద్ధతిలో అది డిస్కు మొదటి 512 బైట్లు చదివి, పగ్గాలు వాటికి అప్పగిస్తుంది. 1983 నాటి పీసీ డాస్ 2.0 నుంచీ ఇదే ఆచారం. ఆ 512లో 64 బైట్లు విభాగాల పట్టిక. నాలుగు విభాగాలకే చోటు. వాటిలో ‘యాక్టివ్’ అని గుర్తున్నదాన్ని పట్టుకొని కథ ముందుకు నడుస్తుంది. గుర్తే లేకపోతే కథ అక్కడే ఆగుతుంది.

మరి ఎస్ఎస్‌డీలో ఆ గుర్తు ఎందుకు లేదు? సికింద్రాబాద్ సీటీసీలో ఎస్ఎస్‌డీ కొని తెచ్చిన నాడు పాత డిస్కును కదపకుండా, రెండూ తగిలించి ఉండగానే కొత్తదాని మీద విండోస్ ఎక్కించారు. విండోస్ ఇన్‌స్టాలరు విండోస్‌ను మనం చూపిన డిస్కులోనే పెడుతుంది. లేపే ఫైళ్లను మాత్రం బయోస్ వరుసలో మొదట ఉన్న డిస్కులో దాస్తుంది. విండోస్ 7 అయితే 100 ఎంబీల ‘సిస్టమ్ రిజర్వ్‌డ్’ గది అక్కడే కట్టుకుంటుంది. కొత్త పద్ధతి యూఈఎఫ్ఐ యంత్రాల్లోనూ ఈఎఫ్ఐ గది పాత డిస్కులోనే ఉండిపోయే ప్రమాదం ఉంది. ఇన్నాళ్లూ వేగమంతా కొత్తదాని చలవే అనుకున్నారు. ఇంట్లో ఎవరికీ పట్టని ముసలాయన మొలతాడుకే బీరువా తాళం ఉన్నట్టు, తెల్లారి లేపే పని పాతదే చేస్తూ వచ్చింది.

అలంకారం: విరోధాభాసం. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే, లేపే ఫైళ్లున్న విభాగానికి ‘సిస్టమ్’ అనీ, విండోస్ సిస్టమ్ ఉన్న విభాగానికి ‘బూట్’ అనీ రాసి ఉంటుంది. మైక్రోసాఫ్టు వారు పెట్టిన పేర్లు తారుమారుగా తోస్తాయి. ఏ డిస్కు పీకే ముందైనా ‘సిస్టమ్’ అన్న మాట ఎక్కడుందో చూసుకోవాలి.

ప్రయోగం: పాత డిస్కు ఇంకా కొనఊపిరితో ఉంటే మళ్లీ తగిలించి, విండోస్‌లోకి వెళ్లి, డిస్క్‌పార్ట్‌లో ఎస్ఎస్‌డీ విభాగాన్ని యాక్టివ్ చేసి, బీసీడీబూట్ ఆజ్ఞతో లేపే ఫైళ్లను అందులోకే రాయించాలి. అది పూర్తిగా పోయివుంటే విండోస్ పెన్‌డ్రైవ్‌తో లేపి ఇదే పని. ఆ లోకంలో సీ డ్రైవు డీ కావచ్చు. ఏ అక్షరం కింద విండోస్ ఫోల్డరు ఉందో చూడకుండా ఆజ్ఞ ఇవ్వరాదు. యూఈఎఫ్ఐలో యాక్టివ్ గుర్తుతో పనిలేదు, ఎస్ఎస్‌డీలోనే ఎఫ్ఏటీ 32 గది ఒకటి కావాలి.

శంక: లేచాక పాత డిస్కును పాత సామాన్లవాడికి వేయవచ్చునా? సమాధానం: కూడదు. అందులో డీ డ్రైవు ఉంది. డీ డ్రైవులో ‘న్యూ ఫోల్డర్’, దానిలో మరో ‘న్యూ ఫోల్డర్’, దానిలో వీధిలోని సగం మంది బయోడేటాలు ఉన్నాయి. ముందు వాటిని కాపీ చేయాలి, అదీ పెద్ద ఫైళ్ల జోలికి పోకుండా, అవసరమైనవే మొదట.