ఓ భూతాపమా, రేపు రా!

వెనకటికి పల్లెల్లో దయ్యం తలుపు తట్టకుండా గోడల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవారు. దయ్యం వచ్చి చదువుకుని, సరే రేపే వద్దామని వెళ్లిపోయేదట. మర్నాడు వచ్చినా గోడ మీద అదే రాత! భూతాపాన్ని తరిమేయడానికి ప్రపంచ నాయకులు కనిపెట్టిన మంత్రమూ ఇదే. కాకపోతే వీళ్లు బొగ్గుముక్కతో గోడల మీద రాయరు. బొగ్గును కరెంటుకు వాడుకుని, రాతలేమో ఏసీ హాళ్లలో తెర మీద చూపిస్తారు. దాని పేరు నెట్ జీరో, అంటే ఫలానా ఏడాదికల్లా నికర ఉద్గారాలు సున్నా చేస్తామన్న మాట.

ఆ రాతలో వేసే సంవత్సరాలు చూడండి. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రధాని మోదీ 2070 అన్నారు. అప్పటికి ఆయనకు 120 ఏళ్లు. చైనా 2060 అంది. జిన్‌పింగ్‌కు 107 నిండుతాయి. రష్యాదీ 2060యే, పుతిన్‌కు 108. అమెరికాకు బైడెన్ పెట్టిన గడువు 2050, ఆయనకూ 108. మాట నిలబెట్టుకున్నారా అని వీళ్లను నిలదీయాలంటే నిండు నూరేళ్లు బతకమని దీవిస్తే చాలదు, పైన ఇంకో పదో ఇరవయ్యో కలపాలి.

పేద దేశాలకు కొంత ఎక్కువ గడువు కావాలనడం న్యాయమే. పైగా విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర వనరుల నుంచి ఉండాలన్న 2030 లక్ష్యాన్ని భారత్ 2025లోనే అందుకుంది. మెచ్చుకోవాల్సిందే. అదే ఏడాది మార్చిలో బొగ్గు ఉత్పత్తి వంద కోట్ల టన్నులు దాటిందనీ అంతే సంబరంగా చాటుకుంది. సామర్థ్యంలో సగం సరే, వాస్తవంగా తయారయ్యే కరెంటులో మాత్రం సింహభాగం ఇంకా బొగ్గుదే.

మరి గడువు దగ్గరపడితే ఏమవుతుంది?

కెనడాను చూస్తే తెలుస్తుంది. 2012 నాటికి ఉద్గారాలను 1990 నాటికన్నా 6 శాతం తగ్గిస్తానని క్యోటో ఒప్పందంలో ఒప్పుకుంది. తగ్గకపోగా పెరిగాయి. లెక్క చెప్పాల్సిన వేళ, 2011 డిసెంబరులో, ఒప్పందం నుంచే తప్పుకుంటున్నానంది. పరీక్ష తప్పుతానని తెలిసిన పిల్లవాడు బడి మానేస్తే నాలుగు తగిలిస్తారు. దేశాలకు ఆ భయం లేదు. స్కాట్లాండ్‌ది ఇంకా నాజూకైన పద్ధతి. 2030కల్లా ఉద్గారాలు 75 శాతం తగ్గాలని చట్టమే చేసుకుంది. అందుకోలేమని తేలాక, 2024 ఏప్రిల్‌లో ఆ లక్ష్యాన్ని ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది. 2045 నాటి నెట్ జీరో మాత్రం చెక్కుచెదరదని అభయమిచ్చింది! దగ్గరి మెట్టు పీకేసి పైమెట్టు మీద ప్రమాణం చేయడమన్నమాట. అంతకు ముందే అప్పటి బ్రిటన్ ప్రధాని సునాక్ పెట్రోలు, డీజిల్ కొత్త కార్ల అమ్మకాలపై నిషేధాన్ని 2030 నుంచి 2035కు జరిపారు.

చమురు దగ్గర మాత్రం రేపు అన్న మాటే ఉండదు. 2023 దుబాయ్ సదస్సుకు అధ్యక్షత వహించిన సుల్తాన్ అల్ జాబర్, అబుదాబి జాతీయ చమురు సంస్థకూ అధిపతే. మరుసటి ఏడు బాకూలో ఆతిథ్య దేశాధ్యక్షుడు అలియెవ్, చమురు, గ్యాస్ దేవుడిచ్చిన వరాలని వేదిక మీదే సెలవిచ్చారు. 2025లో బెలేం సదస్సు మొదలవడానికి మూడు వారాల ముందు, అమెజాన్ నది సముద్రంలో కలిసే ప్రాంతానికి అవతల చమురు కోసం తవ్వి చూడటానికి బ్రెజిల్ తన చమురు సంస్థ పెట్రోబ్రాస్‌కు అనుమతిచ్చింది. సదస్సు తుది తీర్మానంలో శిలాజ ఇంధనాల ఊసే లేదు.

హైదరాబాద్‌కు వద్దాం. ఫ్యూచర్ సిటీని నెట్ జీరో నగరంగా కడతామని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి పెట్టుబడిదారులకు చెబుతున్నారు. ఆ ప్రభుత్వమే 2025 ఉగాది సెలవుల్లో సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల మీదికి బుల్డోజర్లను దింపింది. రాత్రిళ్లూ చెట్లు కూలాయి. అది అడవి కాదు, ప్రభుత్వ భూమేనన్నది సర్కారు వాదన. జింకలకూ నెమళ్లకూ రెవెన్యూ రికార్డులు చదవడం రాక అక్కడే కాపురం పెట్టుకున్నాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులన్నీ ఆపించింది. ఆ తర్వాతి విచారణలో, చెట్లు పోయిన వంద ఎకరాలను ఎలా పునరుద్ధరిస్తారో నాలుగు వారాల్లో ప్రణాళిక తెమ్మంది, లేదంటే అధికారులు జైలుకెళ్లాల్సి వస్తుందని హెచ్చరించింది. ఈ మొత్తం వ్యవహారంలో, జవాబు చెప్పాల్సినవాళ్లు పదవిలో ఉండగానే తీరిపోయే గడువు ఆ నాలుగు వారాలే.