గోలుకు అడ్డొచ్చిన గోరు

డెన్మార్క్ ఆటగాడు థామస్ డిలేనీ కాలి బొటనవేలు చరిత్రకెక్కింది. 2024 జూన్ 29న డోర్ట్‌మండ్‌లో, మనకు అర్ధరాత్రి దాటాక, యూరో కప్పు నాకౌట్‌లో జర్మనీ మీద అతని సహచరుడు ఆండర్సన్ గోలు కొట్టాడు. డేన్లు గంతులేశారు. ఆ గంతులు ఇంకా నేలకు దిగకముందే, తెర ముందు కూచున్న పెద్దలు యంత్రాన్ని అడిగారు. గోలు కొట్టినవాడు సవ్యంగానే ఉన్నాడట, కానీ అదే దాడిలో పాలుపంచుకున్న డిలేనీ గారి బొటనవేలు ఆఫ్‌సైడ్ హద్దు దాటిందట. ఎంత దాటింది? డెన్మార్క్ కోచ్ హ్యుల్మండ్ విలేకరుల ముందు ఫోన్ తీసి, ఆ బొమ్మ చూపించి మరీ చెప్పిన లెక్క ప్రకారం ఒక్క సెంటీమీటరు. కొద్ది నిమిషాలకే అదే ఆండర్సన్ చేతికి బంతి తాకిందని బంతిలో దాచిన చిప్పు సాక్ష్యం చెప్పింది. పెనాల్టీ, హావెర్ట్జ్ గోలు. చివరికి జర్మనీ 2-0. ఊరేగింపు జరగాల్సిన మనిషికి పది నిమిషాలు తిరక్కుండానే శిక్ష పడింది.

నేను మాత్రం సాంకేతికతను తప్పుపట్టను. తప్పంతా డెన్మార్క్ జట్టుదే. ఫిజియోని పెట్టుకున్నారు, వంటవాణ్ని పెట్టుకున్నారు, గోళ్లు తీసేవాణ్ని పెట్టుకోలేదు. డిలేనీ ఒక సైజు తక్కువ బూట్లు తొడుక్కుని ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. కాలు నొప్పి పుడుతుంది, నిజమే. దేశం కోసం ఆ మాత్రం ఓర్చుకోలేడా?

బొటనవేలికి ముందు చంకల యుగం ఒకటి నడిచింది. గోలు పడితే లోకం చంకలు గుద్దుకుంటుంది. 2019 నవంబరు 2న ఆస్టన్ విల్లా మైదానంలో లివర్‌పూల్ ఆటగాడు ఫిర్మినో కొంప ముంచింది ఆ చంకే. డిఫెండర్ కన్నా అతని చంక కాస్త ముందుందని ఇంగ్లండ్ ప్రీమియర్ లీగే ప్రకటించింది. నూట యాభై ఏళ్ల పైబడిన ఆటలో చంక గురించి అధికారిక ప్రకటన వెలువడటం బహుశా అదే మొదలు. చేత్తో గోలు కొట్టకూడదు కాబట్టి చెయ్యి ఆఫ్‌సైడ్ లెక్కలోకి రాదు, భుజంతో కొట్టొచ్చు కాబట్టి భుజం వస్తుంది. మరి భుజం ఎక్కడ అయిపోయి చెయ్యి ఎక్కడ మొదలవుతుంది? నియమాల పెద్దలు తల బద్దలు కొట్టుకుని, 2020లో చంక అడుగు దాకా భుజమేనని తేల్చారు. ఇంగ్లండ్‌లో దాన్ని టీషర్టు చేతిపొడవుగా చెప్పుకున్నారు. దర్జీ చేతిలోకి వెళ్లింది ఫుట్‌బాల్.

ఆ కొత్త కొలతకు ముందుగా బలైనవాళ్లలో లీడ్స్ ఆటగాడు పాట్రిక్ బాంఫర్డ్ ఒకడు. అదే ఏడాది నవంబరులో క్రిస్టల్ ప్యాలెస్ మీద, బంతి ఇటివ్వు బాబూ అని చెయ్యి చాపి చూపించాడు. బంతి చూపించిన చోటికే వచ్చింది, గోలూ పడింది. చూపించిన చెయ్యి మాత్రం, చొక్కా చేతి మేరకు, ఆఫ్‌సైడ్. నోటితో అడిగి ఉంటే సరిపోయేది. నోరు అంత పొడుగ్గా ఉండదు కదా. కొందరు కోచ్‌ల సంగతి చెప్పలేం గానీ.

అసలు ఈ నియమం ఎందుకు పుట్టింది? ఎవడో ఒకడు పనీపాటా లేకుండా ఎదుటివాళ్ల గోలు దగ్గర తిష్ఠవేసి, బంతి వస్తే తోసెయ్యకుండా ఉండటానికి. 1990లో ఇంకో మెట్టు దిగి, డిఫెండర్‌తో సమానంగా ఉన్నా పరవాలేదన్నారు. గోళ్లు పెరగాలని వాళ్ల ఉద్దేశం కాదు, గోళ్లు కొలవాలనీ కాదు, గోల్సు పెరగాలని. వీడియో వచ్చాక ఆ సమానం అనే స్థితి మాయమైంది. మిల్లీమీటర్ల లెక్కలో ఏ ఇద్దరు మనుషులూ సమానంగా నిలబడలేరు. నియమం పుస్తకంలో ఉంది, దానికి మైదానంలో చోటు లేదు.

సరే, కొలవనివ్వండి. ఏ క్షణాన కొలుస్తారన్నది అసలు పేచీ. సహచరుడి కాలు బంతిని తాకిన క్షణాన గీత గీయాలి. టీవీ కెమెరా సెకనుకు 50 బొమ్మలు తీస్తుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయే మనిషి ఒక బొమ్మకూ మరో బొమ్మకూ మధ్య సుమారు 17 సెంటీమీటర్లు జరిగిపోతాడు. తన్నింది ఈ బొమ్మలోనా, ఆ తర్వాతి దాంట్లోనా? రెండు పంచాంగాలు ముందేసుకుని ముహూర్తం పెట్టే సిద్ధాంతి పరిస్థితే ఇది. ఏ ఘడియ ఎంచుకుంటే ఆ ఫలితం. 2019 సెప్టెంబరులో లెస్టర్ మీద టోటెన్‌హామ్ గోలు రద్దయింది, కారణం సన్ హ్యూంగ్ మిన్ 1.6 సెంటీమీటర్లు ముందున్నాడని పత్రికలు రాశాయి. పదిహేడు తప్పిపోయే త్రాసులో ఒకటిన్నర తూచారు. బంగారం కొట్లో ఇలా తూస్తే తూనికల శాఖవాళ్లు వచ్చేవాళ్లు.

ఈ విషయంలో క్రికెట్‌కు కాస్త సిగ్గుంది. బంతి దారి లెక్కలో తేడా ఉండొచ్చని ఒప్పుకుని, సగం కన్నా తక్కువ బంతి వికెట్లకు తగిలేలా ఉంటే అంపైర్స్ కాల్ అంటుంది, మైదానంలో మనిషి మాటే నిలబెడుతుంది. ఆ మాట విన్నప్పుడల్లా మనం ఇళ్లలో టీవీలను తిడతామనుకోండి, అది వేరే సంగతి. ఫుట్‌బాల్‌కు ఒప్పుకోవడం నామోషీ. అందుకని 2021లో ప్రీమియర్ లీగ్ గీతలు లావు చేసింది. ఒకదానిమీద ఒకటి పడితే ఆఫ్‌సైడ్ కాదు. తప్పు ఒప్పుకోకుండా సున్నం పూసినట్టన్నమాట.

తర్వాత సగం ఆటోమేటిక్ యంత్రం వచ్చింది. 2022 ఖతార్ ప్రపంచ కప్పులో పైకప్పు కింద 12 కెమెరాలు, ఒక్కో ఆటగాడి ఒంటిమీద 29 చోట్ల నిఘా, బంతి లోపల సెకనుకు 500 సార్లు కబురు పంపే పరికరం. మొదటి మ్యాచ్ మూడో నిమిషంలోనే ఈక్వడార్ గోలు ఎగిరిపోయింది. ఇంగ్లండ్ 2025 ఏప్రిల్‌లో లీగ్‌లో తన యంత్రం పెట్టుకుంది, ఆ యంత్రానికి కళ్లు ఐఫోన్లు. అంతకు ముందు నెలలో ఎఫ్ఏ కప్పులో ప్రయోగం చేస్తే, బోర్న్‌మత్, వోల్వ్స్ ఆటలో పెనాల్టీ బాక్సు నిండా జనం గుమికూడి యంత్రం అయోమయంలో పడింది, పాతకాలం గీతలకే దిగారు. సుమారు ఎనిమిది నిమిషాల పరిశీలన! ఆ సేపట్లో ప్రేక్షకుడు బయటికెళ్లి టీ తాగి, డబ్బులిచ్చి, చిల్లర తెచ్చుకోవచ్చు.

యంత్రం సరిగ్గా చెప్పినా వినడానికి మనిషి కావాలి కదా. 2023 సెప్టెంబరు 30న టోటెన్‌హామ్ మీద లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ గోలు కొట్టాడు. ఆఫ్‌సైడ్ కాదు. మైదానంలో లైన్స్‌మన్ జెండా ఎత్తాడు. వీడియో గదిలోని అధికారి సరిచూశాడు, గోలు సవ్యమైందే అని తేల్చుకున్నాడు. కానీ మైదానంలో గోలే ఇచ్చారనుకుని, పరిశీలన పూర్తయిందని చెప్పేశాడు. కింద రిఫరీ దానర్థం ఆఫ్‌సైడే అనుకున్నాడు. ఆట మొదలైపోయాక సంగతి తెలిసింది, ఆట ఆపడానికి నియమం ఒప్పుకోదని ఊరుకున్నారు. రిఫరీల సంస్థ దీన్ని గణనీయమైన మానవ తప్పిదమని వర్ణించింది. లివర్‌పూల్ తొమ్మిదిమందితో ముగించి 2-1తో ఓడింది. గెలిచేవాళ్లో లేదో చెప్పలేం, కానీ ఆ గోలు లెక్కలో పడాల్సింది.

డియాజ్ గొడవ తర్వాతి ఏడాది, ప్రీమియర్ లీగ్‌లో వీడియో పరిశీలనే ఎత్తేద్దామని వోల్వ్స్ క్లబ్ ప్రతిపాదించింది. 2024 జూన్‌లో ఓటేస్తే 19 క్లబ్బులు వద్దన్నాయి, ఒక్క వోల్వ్స్ చెయ్యెత్తింది. వారం వారం వీడియోకు శాపనార్థాలు పెట్టేవాళ్లే ఆ పంతొమ్మిది మంది. ఇందులో వింతేమీ లేదు. ఇదివరకు ఓడితే రిఫరీని తిట్టేవాళ్లు, అతని చూపును, జీతాన్ని, పుట్టుకను. ఇప్పుడు రిఫరీ ఒకడు, వీడియో అధికారి ఒకడు, అతని సహాయకుడు ఇంకొకడు, ఆపైన యంత్రం. తిట్టడానికి నలుగురు ఉంటే ఒక్కడికి తగ్గించమని ఏ క్లబ్ అధ్యక్షుడు అడుగుతాడు? నార్వేలో రోసెన్‌బోర్గ్ అభిమానులైతే 2024 జులైలో వీడియోకు నిరసనగా నేరుగా మైదానంలోకి చేప వడలు విసిరారు, ఆట రద్దయింది. విసరడానికి కూడా ఎవరో కావాలి, గీత మీద విసిరితే ఎవడికి తగులుతుంది?

ఇక మాజీ కోచ్ ఆర్సెన్ వెంగర్ మహాశయుడి మందు ఒకటుంది. దాడి చేసేవాడికీ డిఫెండర్‌కీ మధ్య వెలుగు కనిపించేంత ఖాళీ ఉంటేనే ఆఫ్‌సైడ్ అనాలంటాడు. దాడికి మేలు, గోళ్లకు విముక్తి. కొలత మాత్రం పోదు. ముందుకు చాచిన బొటనవేలిని వదిలేసి, వెనకపడిన భాగాన్ని కొలుస్తారు. ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోని పిరుదులకు మహర్దశ. వెనకభాగం కాస్త విశాలంగా ఉన్న సెంటర్ ఫార్వర్డ్ డిఫెండర్‌ను దాటిపోయినా నియమం దాటడు, బదిలీ మార్కెట్లో అలాంటివాడి ధర రెట్టింపవుతుంది. ఏజెంట్లు ఇప్పటినుంచే టేపులు కొనిపెట్టుకోవడం మంచిది.