సొంత ఊళ్లో తిరగని కారు

నా పేరు ఎన్‌ఫీల్డ్ 8000. బుల్లెట్ బండి అనుకునేరు, నేనది కాదు. పెట్రోలు వాసనే తెలియని కరెంటు కారుని. ఎనిమిది బ్యాటరీలు, ఎనిమిది హార్స్‌పవర్ మోటారు, అల్యూమినియం ఒళ్లు. నన్ను రూపొందించిన బృందానికి పెద్ద జాన్ అక్రాయిడ్. ఆయనే తర్వాత థ్రస్ట్-2 అనే జెట్ కారు గీశాడు. అది 1983లో గంటకు వెయ్యి కిలోమీటర్లు దాటి రికార్డు కొట్టింది. నేను డెబ్బై దాటితే గొప్ప!

పుట్టింది గ్రీసులో, సిరోస్ దీవి ముఖ్యపట్టణం ఎర్మూపోలిలో. అదీ ఓడల కార్ఖానాలో. 1861 నాటి నియోరియన్ అది. నా యజమానులు గులాండ్రిస్‌లు ఓడల ఆసాములు. 1973లో చమురు ధరలు మండిపోయిన రోజుల్లో, ఓడలకు రేకులు అతికే చోటే మమ్మల్నీ బిగించారు.

ఆ ఊరి పుట్టుక చిత్రం. కొండమీది ఆనో సిరోస్‌లో కాథలిక్కులు ఎప్పటినుంచో ఉన్నారు. కింద రేవు మాత్రం దాదాపు ఖాళీ. 1821లో తుర్కుల మీద గ్రీకులు లేవదీసిన తిరుగుబాటు రోజుల్లో కియోస్, ప్సారా దీవుల నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవాళ్లు అక్కడ దిగారు. కాందిశీకుల ఊరంటే గుడిసెల వరసలే కళ్లముందు మెదులుతాయి. వీళ్లు వ్యాపారం చేసి, నలభై ఏళ్లు దాటగానే 1864లో అపోలో నాటకశాల కట్టుకున్నారు! ఆ తర్వాత వాస్తుశిల్పి జిల్లర్ గీసిన మునిసిపల్ భవనం, దాని ముందు పాలరాయి పరిచిన మియావులి చౌకు. అంత చిన్న ఊరికి అంత పెద్ద ఆఫీసా అని నాకిప్పటికీ అనుమానమే. పైరియస్ రేవు పెరిగి వ్యాపారాన్ని లాక్కుపోయాక భవనాలు మిగిలాయి, కార్ఖానా మిగిలింది.

నేను ఆ వీధుల్లో తిరగలేదు. అప్పట్లో ఇంజను సైజును బట్టి కారుకు పన్ను వేసే దేశం అది. నాకు ఇంజనే లేదాయె! చట్టంలో చోటు దొరక్క అక్కడ అమ్మకానికి పెట్టలేదు. మేమంతా కలిసి నూట ఇరవై మందిమి. సగానికి పైగా ఇంగ్లండు విద్యుత్ బోర్డుల కొలువులో చేరాం. అక్కడ నన్ను చూసి ఎక్కడి బండి అని అడిగేవాళ్లు. సిరోస్ అంటే నమ్మేవాళ్లు కాదు. గ్రీకు దీవిలో ఇసుక, గొడుగులు తప్ప తోలు కార్ఖానాలు, నూలు మిల్లులు, ఇనుము పోతపోసే కొలుములు ఉంటాయని ఎవరనుకుంటారు?

ఎర్మూపోలిలో ఇప్పుడు పారిశ్రామిక మ్యూజియం ఉంది. మా తోబుట్టువు ఒకటి అక్కడ దర్జాగా నిలబడి ఉంది. కదలదు కాబట్టి పన్ను గొడవ లేదు.